నొజావా ఊరి వేడినీళ్ళ స్నానం: మీ ప్రశ్నలు, నా జవాబులు

జపాన్ పల్లెటూళ్ళలో ఊరి జనం స్నానం చేసే ఆన్సెన్‌కి, అంటే వేడినీళ్ళ ఊట స్నానశాలకి, బయటివాళ్ళం మనం వెళ్ళొచ్చా, వెళ్తే ఎలా మసలుకోవాలి అని ఈసారి చాలామంది అడిగారు. అందులో ఎక్కువమంది పేరుపెట్టి అడిగింది నాగానో కొండల్లో ఉన్న నొజావా ఆన్సెన్ అనే ఊరి గురించి, అందుకే ఆ ఊరినే పెట్టుకుని చెప్తాను, వేరే ఊళ్ళ సంగతి అవసరమైన చోట కలుపుతాను.

ప్రశ్న: మేడమ్, మావారి ఉద్యోగం వల్ల టోక్యోలో ఉంటున్నాం. చలికాలంలో మా అత్తగారు వస్తున్నారు, ఆవిడకి వేడినీళ్ళ స్నానం అంటే ప్రాణం, నొజావా తీసుకెళ్దాం అనుకుంటున్నాం. కానీ పదిమందిలో ఒంటిమీద నూలుపోగు లేకుండా అంటే నాకే ఒళ్ళు ముడుచుకుపోతోంది, ఇక ఆవిడకి ఎలా చెప్పను? నైటీ గానీ స్విమ్‌సూట్ గానీ వేసుకుని దిగితే ఊరుకుంటారా?

ఊరుకోరండీ, దిగకూడదు కూడా. ముందు ఎందుకో చెప్తాను, కారణం తెలిస్తే సగం బెరుకు పోతుంది. ఈ ఊరి స్నానాల తొట్లలోకి నీళ్ళు నేరుగా ఊట నుంచి వస్తాయి, తొట్టి నిండి అంచు మీంచి పొర్లి పోతూ ఉంటాయి, స్విమ్మింగ్ పూల్‌లో లాగా ఫిల్టర్ చేసి క్లోరిన్ కలిపి తిప్పడం ఉండదు. మరి అందులోకి బట్టతో దిగితే ఆ బట్టలో మిగిలిన సబ్బు, రంగు, చెమట అన్నీ అందరూ కూర్చునే నీళ్ళలోకే పోతాయి. అందుకే ముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కుని, ఏ గుడ్డా లేకుండా దిగాలి అన్నది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలిసిన పద్ధతి. చేతిలో చిన్న తువ్వాలు ఒకటి ఉంటుంది, నడిచేటప్పుడు దాన్ని ముందు అడ్డం పెట్టుకుంటారు, నీళ్ళలోకి దిగాక దాన్ని మడిచి నెత్తిమీదో గట్టుమీదో పెట్టుకుంటారు, నీళ్ళలో ముంచరు.

నొజావాలో ఆడవాళ్ళకి వేరే, మగవాళ్ళకి వేరే, కలిపి ఉండవు. లోపల ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు, అది వాళ్ళకి పుట్టినప్పట్నుంచీ అలవాటైన మర్యాద. డెబ్బై ఎనభై ఏళ్ళ పెద్దవాళ్ళు, బడికెళ్ళే పిల్లలు, కాన్పు అయ్యి పొట్టమీద చారలున్న తల్లులు, ఆపరేషన్ కుట్లున్నవాళ్ళు అందరూ ఉంటారు, ఒళ్ళు ఇలా ఉండాలి అన్న ధ్యాసే అక్కడ కనిపించదు, నాకైతే ఆ ఊరి స్నానంలో అన్నిటికన్నా నచ్చింది అదే.

మీ అత్తగారి విషయానికొస్తే, తలుపు దాకా తీసుకెళ్ళి అక్కడ చెప్పకండి, టికెట్ బుక్ చేసేటప్పుడే ఫోన్లో ఉన్నదున్నట్టు చెప్పేయండి. అత్తాకోడళ్ళకి ఒకరి ముందు ఒకరికి ఇబ్బందిగా ఉండడం సహజం, అలాంటప్పుడు ఇద్దరూ విడివిడిగా వెళ్ళండి, లేదా ఒక గంటకి మన ఒక్కరికే ఇచ్చే స్నానాల గది ఉన్న బస చూసుకోండి, జపాన్‌లో చాలా ఆన్సెన్ బసల్లో ఈ ఏర్పాటు ఉంటుంది. మొదటి రోజు అందులో అలవాటు పడి, రెండో రోజు ఊళ్ళోకి వెళ్తే ఆవిడకీ తేలిగ్గా ఉంటుంది.

ప్రశ్న: అక్కడ స్నానం ఫ్రీ అని విన్నాను నిజమేనా? నేను స్టూడెంట్‌ని, ఓసాకాలో చదువుతున్నా. టికెట్ లేకుండా ఎవరైనా లోపలికి వెళ్ళిపోవచ్చా? మరి దాన్ని ఎవరు నడుపుతారు, గవర్నమెంటా?

గవర్నమెంటు కాదు బాబూ, హోటలు కూడా కాదు. ఈ ప్రశ్న అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఇది తెలియకుండా వెళ్ళేవాళ్ళే అక్కడ ఊరివాళ్ళకి ఇబ్బంది కలిగిస్తారు.

నొజావాలో ఇలాంటి ఉమ్మడి స్నానశాలలు 13 ఉన్నాయి, సోతోయు అంటారు. ఒక్కో దాని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కలిసి ఒక సంఘంగా ఉంటారు, పేరు యు-నకామా, ఎదో కాలం నుంచి, అంటే షోగున్లు ఏలిన రోజుల నుంచి వస్తున్న కట్టుబాటు. ఆ ఇళ్ళవాళ్ళే వంతులు వేసుకుని తొట్టి తోముతారు, నేల కడుగుతారు, కరెంటు బిల్లూ నీళ్ళ బిల్లూ చందాలేసుకుని కట్టుకుంటారు, చెక్క పాడైతే బాగు చేయిస్తారు. వాళ్ళలో చాలామందికి రోజూ సాయంత్రం స్నానం అక్కడే. అంటే నువ్వు వెళ్ళేది టూరిస్టుల కోసం కట్టిన చోటుకి కాదు, ఒక వీధివాళ్ళందరూ కలిసి పెట్టుకున్న సొంత స్నానాల గదికి, వాళ్ళు తలుపు తీసిపెట్టి పరాయివాళ్ళని కూడా రానిస్తున్నారు అంతే.

టికెట్టు లేదు నిజమే, గుమ్మం దగ్గర మనిషి కూడా ఉండడు. కానీ ముందు ఒక చిన్న పెట్టె ఉంటుంది, గుళ్ళో హుండీ లాంటిది. నిజానికి అది దేవుడి పెట్టే, ఎందుకంటే రోగాలు నయం చేసే బుద్ధుడు, మన దగ్గర సంస్కృతంలో భైషజ్యగురువు అంటారు చూడు, ఆయనకి 12 మంది రక్షకులు ఉంటారని వాళ్ళ నమ్మకం, ఊరి మధ్యలో పెద్దదైన ఓయు స్నానశాల ఆ బుద్ధుడిది, మిగతా 12 స్నానశాలలు ఒక్కొక్కటి ఒక్కో రక్షకుడివి. ఎంత వెయ్యాలి అని ఎవరూ అడగరు. కానీ ఫ్రీ అని రాశారు కదా అని ఒక్కరోజులో అయిదారు చోట్ల మునిగి ఒక్క నాణెం కూడా వెయ్యకుండా రావడం నాకు అస్సలు నచ్చదు, స్టూడెంట్‌వైనా సరే లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఒక 100 యెన్ నాణెం వెయ్యి, జేబులో చిల్లర పెట్టుకుని వెళ్ళు.

లోపలికి అడుగు పెట్టగానే అక్కడున్నవాళ్ళకి నమస్కారం చెప్పు, సాయంత్రం అయితే కొన్‌బన్‌వా అంటే చాలు, జపనీస్ రాకపోయినా ఆ ఒక్క పలకరింపుతో వాళ్ళ మొహాలు ఎంత మారతాయో నువ్వే చూస్తావు. చెప్పులు బయట విప్పాలి. స్నేహితులతో గుంపుగా ఎనిమిదిమంది ఒకేసారి దిగకండి, తొట్టి చిన్నది, పనిచేసి అలసిపోయి వచ్చిన ఊరాయనకి చోటుండదు, ఇద్దరిద్దరుగా వెళ్ళండి. తాగి వెళ్ళకూడదు. లోపల ఫోన్ బయటికి తీయకూడదు, ఫొటో సంగతి చెప్పక్కర్లేదు, మెసేజ్ చూసుకోవడానికి కూడా తీయకు, అక్కడ కెమెరా ఉన్న ఏ వస్తువు కనిపించినా ఎవరికైనా కంగారే.

ప్రశ్న: ఏమేం తీసుకెళ్ళాలి? నగలు తీయాలా? నాకు మెడలో తాళి, కాళ్ళకి మెట్టెలు ఉంటాయి. జుట్టు నడుం దాకా, రోజూ నూనె రాసుకునే అలవాటు. - ఒక పాఠకురాలు, నగోయా

ముందు మెట్టెల సంగతి చెప్తాను. నొజావా నీళ్ళలో గంధకం ఉంటుంది, వీధిలోకి అడుగుపెట్టగానే ఆ వాసన తెలిసిపోతుంది. గంధకం ఉన్న నీళ్ళు వెండికి తగిలితే పైన నల్లటి పొర కడుతుంది, ఒక్క స్నానం చాలు. పట్టీలు, మెట్టెలు, వెండి ఉంగరం తీసి బసలో పెట్టి వెళ్ళండి. ఒకవేళ మర్చిపోయి నల్లబడితే గాభరా పడకండి, వెండి పాడైపోలేదు, గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి వంటసోడా వేసి వేడినీళ్ళు పోసి అందులో వస్తువు ఫాయిల్‌కి తగిలేట్టు పెడితే నలుపు చాలావరకు పోతుంది. బంగారం దానంతటది నల్లబడదు గానీ నగల్లో రాగీ వెండీ కలుస్తాయి కాబట్టి రంగు మారే అవకాశం ఉంది.

తాళి తీయాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను చెప్పేదాన్ని కాదు. బంగారు గొలుసైతే ఉంచుకున్నా ఎవరూ ఏమీ అనరు, రంగు మారితే మారుతుంది అంతే. పసుపుతాడు అయితే మాత్రం ఆ పసుపు నీళ్ళలోకి దిగుతుంది, అది అందరి నీళ్ళు కాబట్టి అప్పుడు తొట్టిలోకి దిగకుండా పక్కన కూర్చుని చెంబుతో పోసుకోవడం మర్యాద. ఏది తీసినా బసలోనే తీసి పెట్టండి, ఈ ఊరి స్నానశాలల్లో లాకర్లు ఉంటాయని అనుకోవద్దు, గోడకి చెక్క అరలు ఉంటాయి, బట్టలు విప్పి అందులో పెట్టుకోవడమే. చాలాచోట్ల బట్టలు మార్చుకోవడానికి వేరే గది కూడా ఉండదు, తొట్టి ఉన్న గదిలోనే ఒక పక్కన ఈ అరలు, అందుకే స్నానం అయ్యాక తువ్వాలు పిండుకుని ఒళ్ళు తుడుచుకున్నాకే అరల వైపు రావాలి, లేకపోతే నేలంతా తడిసి పక్కవాళ్ళ సాక్సులు తడుస్తాయి.

నూనె జుట్టుతో దిగకండి, ఇది గట్టిగా చెప్తున్నా. ముందురోజే తలంటుకుని, వెళ్ళేరోజు నూనె రాయకుండా జుట్టంతా పైకి ముడేసి క్లిప్ పెట్టుకోండి, ఒక్క వెంట్రుక కూడా నీళ్ళలో తేలకూడదు. షాంపూ, సబ్బు అక్కడ పెట్టరు, షవర్లు ఉంటాయనీ అనుకోకండి. చిన్న బకెట్టుతో నీళ్ళు ముంచుకుని తొట్టి అవతల కూర్చుని కడుక్కోవాలి, కూర్చునే కడుక్కోవాలి, నిలబడి పోసుకుంటే పక్కవాళ్ళ మీద చిందుతాయి. సబ్బు నురగ తొట్టిలో పడకుండా చూసుకోండి. ఒక చిన్న తువ్వాలు, ఒక పెద్ద టవల్, సబ్బు, చిల్లర, తాగడానికి నీళ్ళ సీసా, ఇవి చాలు.

ఇంకోటి, ఆడవాళ్ళ వైపు ఏదో మగవాళ్ళ వైపు ఏదో గుర్తుపట్టడం. గుమ్మానికి వేలాడే గుడ్డ తెర మామూలుగా ఆడవాళ్ళకి ఎరుపు, మగవాళ్ళకి నీలం ఉంటుంది గానీ ప్రతిచోటా రంగుని నమ్ముకోలేం, ఆడవాళ్ళకి 女, మగవాళ్ళకి 男 అని రాసి ఉంటుంది, ఆ రెండు జపనీస్ అక్షరాలూ ముందే చూసి బాగా గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న: నీళ్ళు కాలిపోయేంత వేడిగా ఉంటాయట, చన్నీళ్ళు కలుపుకోవచ్చా?

నిజంగానే వేడి. ఊట దగ్గర కొన్నిచోట్ల సలసల కాగుతూ ఉంటాయి, ఊళ్ళో ఓగామా అనే చోట నీళ్ళు దాదాపు 90 డిగ్రీలు, అక్కడ ఊరివాళ్ళు ఆకుకూరలు ఉడకేసుకుంటారు, బయటివాళ్ళని లోపలికి రానివ్వరు, కంచె ఇవతల నుంచి చూడ్డమే. స్నానం తొట్లలోకి వచ్చేసరికి కొంత చల్లారుతాయి గానీ 44, 45 డిగ్రీలు అక్కడ మామూలే, ఇంట్లో గీజర్ నీళ్ళకి అలవాటుపడ్డ ఒళ్ళుకి అది చాలా ఎక్కువ.

చన్నీళ్ళ ట్యాప్ ఉంటుంది, వాడుకోవచ్చు. కాకపోతే లోపల ఎవరైనా ఉంటే ముందు వాళ్ళని అడగండి, ట్యాప్ వైపు చూపించి తల ఊపితే అర్థమైపోతుంది. చాలామంది పెద్దవాళ్ళకి ఆ వేడే ఇష్టం, దానికోసమే వస్తారు, మీరు చన్నీళ్ళు ధారగా వదిలి పది నిమిషాలు కూర్చుని లేచి వెళ్ళిపోతే తర్వాత వచ్చినవాళ్ళకి ఆ తొట్టి మళ్ళీ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, అక్కడ స్విచ్చు నొక్కి వేడి పెంచే మెషిన్ ఏమీ లేదు కదా. కొంచెం కలిపి, మీరు కూర్చున్న మూలనే చేత్తో కలియబెట్టుకుని, ట్యాప్ కట్టేసి లేవండి.

అంతకన్నా మంచి పద్ధతి ఒంటిని అలవాటు చేయడం. దిగకముందు బకెట్టుతో ఆ వేడినీళ్ళే ముందు పాదాల మీద, తర్వాత మోకాళ్ళ మీద, నడుం, చేతులు, చివరికి భుజాల మీద పోసుకుంటూ రండి, తొందరపడకండి. దిగాక కదలకుండా కూర్చోండి, కదిలితే వేడి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఉండి, లేచి గట్టుమీద కూర్చుని, మళ్ళీ దిగండి. తట్టుకోలేం అనిపిస్తే కుమానొతెఅరాయు అనే స్నానశాల వెతుక్కోండి, మిగతావాటితో పోలిస్తే అక్కడ వేడి తక్కువ, గాయపడ్డ ఎలుగుబంటి ఒకటి అక్కడి ఊటలో పుండు కడుక్కుంటుంటే చూసి జనం ఆ నీళ్ళు కనిపెట్టారని ఊళ్ళో కథ చెప్తారు.

ప్రశ్న: నాకు 64 ఏళ్ళు, బీపీ ఉంది. మా కోడలికి అయిదో నెల. మేమిద్దరం వెళ్ళొచ్చా? ఇంకో మాట, నెలసరి రోజుల్లో వెళ్ళొచ్చా అని మా అమ్మాయి అడగమంది.

మీ డాక్టర్ని అడక్కుండా మాత్రం దిగకండి అమ్మా, ముఖ్యంగా గుండె జబ్బు కూడా ఉంటే. చలికాలంలో అసలు ప్రమాదం ఎక్కడంటే, మంచు పడే చలిలో బట్టలు విప్పగానే రక్తనాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, వెంటనే 44 డిగ్రీల నీళ్ళలో దిగితే ఒక్కసారిగా పడిపోతుంది, పెద్ద వయసువాళ్ళు కళ్ళు తిరిగి నీళ్ళలోనే పడిపోవడం జపాన్‌లో ప్రతి చలికాలం వినే సంగతే. డాక్టర్ సరే అన్నా ఒంటరిగా వెళ్ళకండి, భోజనం చేసిన వెంటనే వద్దు, గోరువెచ్చని తొట్టి ఉన్న బసలో నడుం దాకా మునిగితే చాలు, లేచేటప్పుడు గట్టు పట్టుకుని నెమ్మదిగా లేవండి.

గర్భిణులు ఆన్సెన్‌లో దిగకూడదు అని జపాన్‌లో పాత బోర్డుల మీద రాసి ఉండేది, 2014లో పర్యావరణ శాఖ ఆ జాబితా మార్చినప్పుడు గర్భం అన్న మాట తీసేసింది. అంటే ఆ నీళ్ళ వల్ల చెడు అని కాదు, కానీ ఎక్కువ వేడి, జారే నేల, ఈ రెండూ అలాగే ఉన్నాయి కాబట్టి నొజావా లాంటి మరిగే తొట్లు మీ కోడలికి వద్దనే నేను అంటాను, తనకి కూడా డాక్టర్ మాటే ఆఖరు. నెలసరిలో ఉన్నప్పుడు అందరి తొట్టిలో దిగరు, ఆ రోజుల్లో బసలో షవర్ చేసుకుని, వీధిలో కాళ్ళు పెట్టుకునే వేడినీళ్ళ తొట్లు ఉంటాయి, అక్కడ కూర్చోమనండి, చలిలో అది కూడా ఎంతో హాయి.

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్ళు, నాతోపాటు ఆడవాళ్ళ వైపు తీసుకెళ్ళనా?

వద్దండీ, వాళ్ళ నాన్నతో పంపించండి. ఇదివరకు 10 ఏళ్ళు అన్న లెక్క ఉండేది, 2020లో అక్కడి ఆరోగ్యశాఖ ఆ సూచనని దాదాపు 7 ఏళ్ళకి తగ్గించింది, ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం తన నిబంధనలు మార్చుకుంటూ వచ్చింది.

ప్రశ్న: చేతిమీద టాటూ ఉంది, రానిస్తారా?

జపాన్‌లో టాటూ అంటే యాకుజా ముఠాల గుర్తు అన్న భయం ఇంకా ఉంది. 2015లో టూరిజం శాఖ హోటళ్ళనీ బసలనీ అడిగితే జవాబిచ్చినవాళ్ళలో దాదాపు 56 శాతం మంది టాటూ ఉన్నవాళ్ళని స్నానానికి రానివ్వం అన్నారు, 31 శాతం మంది అభ్యంతరం లేదన్నారు, మిగతావాళ్ళు కప్పుకుంటే సరే అన్నారు. ఊరి సోతోయుల్లో గుమ్మం దగ్గర ఆపేవాళ్ళు ఉండరు గానీ చిన్న టాటూ అయితే చర్మం రంగు ప్యాచ్ అతికించుకుని వెళ్ళండి, పక్కన కూర్చున్న పెద్దావిడకి ఇబ్బంది లేకుండా ఉంటుంది. బసలో స్నానాల గది వాడుకునేట్టయితే బుక్ చేసేముందే అడగండి.

ప్రశ్న: వేడి ఊటలో గుడ్లు ఉడకబెట్టుకోవడం చూశాను, అది నొజావాలోనేనా? ఇంకా ఇలాంటి ఊళ్ళు ఏమున్నాయి?

గుడ్ల సరదా తీరాలంటే నేను యునొమినే వెళ్ళమంటాను, వాకాయామాలో కుమానో కొండల మధ్య వాగు పక్కన చాలా చిన్న ఊరు. వాగు ఒడ్డున దాదాపు 90 డిగ్రీల నీళ్ళ గుంట ఉంటుంది, పక్క కొట్లో వల సంచిలో గుడ్లూ చిలగడదుంపలూ అమ్ముతారు, తాడు కట్టి అందులో వదిలి పదీ పదిహేను నిమిషాలు కూర్చోవడమే. అక్కడే వాగులో సుబోయు అని చెక్కలతో కట్టిన చిన్న గది ఉంది, ఇద్దరు పట్టే రాతి గుంట అంతే, టికెట్ తీసుకుని వరస ప్రకారం 30 నిమిషాలు మనకే ఇస్తారు, కాబట్టి సిగ్గుపడేవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు లేదు. కుమానో క్షేత్రాలకి నడిచి వెళ్ళే యాత్రికులు పూర్వం ఇక్కడ స్నానం చేసి వెళ్ళేవాళ్ళు, 2004లో ఆ యాత్రామార్గాలతో పాటు సుబోయు కూడా ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నొజావాకి దగ్గర్లో కావాలంటే షిబు ఆన్సెన్ ఉంది, రాళ్ళు పరిచిన సన్నటి వీధిలో 9 ఉమ్మడి స్నానశాలలు. తేడా ఏంటంటే అక్కడ తాళాలు వేసి ఉంటాయి, ఆ ఊళ్ళో రాత్రి బస చేసినవాళ్ళకే బసవాళ్ళు తాళంచెవి ఇస్తారు. ఒక తువ్వాలు కొనుక్కుని ఒక్కో చోట ముద్ర వేసుకుంటూ తొమ్మిదీ పూర్తిచేసి పైన మెట్లెక్కి గుళ్ళో దణ్ణం పెట్టుకుంటారు, అందుకని ఒక్కరాత్రిలో తొమ్మిదీ చుట్టేద్దామని పరిగెత్తేవాళ్ళు ఉంటారు, నా మాట విని అలా చేయకండి, నాలుగో దానికే తల తిరుగుతుంది. మంచుకోతులు వేడినీళ్ళలో కూర్చునే జిగొకుదాని కూడా ఆ పక్కనే.

నవంబరులో వెళ్ళగలిగితే మాత్రం మళ్ళీ నొజావాకే నా ఓటు. చలికి ముందు ఊరివాళ్ళు నొజావానా అనే పొడుగాటి ఆకుకూర కోసి, మోపులు మోపులుగా ఈ వేడినీళ్ళలోనే కడిగి ఊరగాయ పెట్టుకుంటారు, స్కీయింగ్ జనం ఇంకా మొదలవరు కాబట్టి తొట్లు కూడా ఖాళీగా ఉంటాయి.

ప్రశ్న: టోక్యో నుంచి నొజావాకి ఎలా వెళ్ళాలి, ఏ టైమ్‌లో స్నానానికి వెళ్తే మంచిది?

హొకురికు షింకాన్‌సెన్ ఎక్కి ఈయామా స్టేషన్‌లో దిగండి, అన్ని రైళ్ళూ అక్కడ ఆగవు, చూసుకుని ఎక్కండి. స్టేషన్ ముందు నుంచి నొజావాకి బస్సు ఉంది, దాదాపు 25 నిమిషాలు. సోతోయులు వేసవిలో పొద్దున 5కి, చలికాలంలో 6కి తెరిచి రాత్రి 11కి మూస్తారు. సాయంత్రం పూట ఊరివాళ్ళూ స్కీయింగ్ నుంచి దిగినవాళ్ళూ ఒకేసారి వస్తారు, ఆ టైమ్ వాళ్ళకి వదిలేసి మీరు మధ్యాహ్నం వెళ్ళండి. పొద్దున్నే తెరవగానే వెళ్ళేట్టయితే నీళ్ళు బాగా వేడిగా ఉంటాయి, మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఇంకాసేపాగి, ఒకరిద్దరు దిగి లేచాక వెళ్ళండి.